ఈద్రా కాళ్లు

"అమ్మ పుట్టినరోజు పాట సంగతి మరిచిపోకు మైకెన్. నీకది అరగంట పని."

ఆ మాట అన్నప్పుడు అస్గర్ కాఫీ తాగుతున్నాడు. మైకెన్ నల్లరొట్టె ముక్కలకు వెన్న రాస్తోంది. కూతురు ఎల్నా బడికి పట్టుకెళ్లే డబ్బా ఒకటి, మొగుడి డబ్బా ఒకటి. కూతురికి దోసకాయ ముక్కలు విడిగా పెట్టాలి. తగిలితే రొట్టె తడుస్తుంది, తడిస్తే తినదు. ఆ సంగతి ఇంట్లో ఒక్కరికే తెలుసు. అస్గర్‌కి చెబితే "రాసి ఫ్రిజ్ మీద అంటించు, నేనే చేస్తాను" అంటాడు. రాసి అంటించడం కూడా ఒక పనేనని అతనికి తోచదు.

అత్తగారు ఇంగర్‌లీసకు డెబ్బై అయిదు నిండుతున్నాయి. అంత పెద్ద పుట్టినరోజున పాట లేకుండా ఎవరూ భోజనం ముగించరు. అందరికీ తెలిసిన వరస ఒకటి తీసుకుని, దాని మీద ఆ మనిషి గురించి చరణాలు కట్టి, అచ్చువేసి, కంచాల పక్కన పెట్టాలి. చుట్టాలంతా గొంతు కలిపి పాడాలి. పెళ్లయిన దగ్గర్నుంచి అస్గర్ వైపువాళ్ల పాటలన్నీ మైకెనే కట్టింది. అడుగున మాత్రం 'ప్రేమతో, నీ పిల్లలు' అని ఉంటుంది. రాసే కోడలు దొరికింది. కొడుకుకు ఇక తల్లి గురించి ఆలోచించే పని తప్పింది.

అస్గర్ చెడ్డవాడు కాడు. కొట్టడు, తిట్టడు, తాగి పడిపోడు. చెత్త పారబోస్తాడు. "ఇంటిపనిలో నేను బాగా సహాయం చేస్తాను" అని నలుగురిలో చెబుతాడు. ఎవరింట్లో ఎవరికి సహాయం అని ఆ నలుగురిలో ఒక్కరూ అడగరు. వాళ్ల దేశంలో ఎవరినైనా నువ్వనే అంటారు. మంత్రినీ నువ్వే, మామగారినీ నువ్వే. నువ్వన్నంతలో సమానమైపోరు. ఆ సంగతి మంత్రికీ తెలుసు, కోడలికీ తెలుసు.

ఆమె రెండు డబ్బాలూ మూసి సైకిలెక్కి పనికి బయల్దేరింది.

వాళ్లుండే వీబోర్గ్‌లో పాత సైనిక శిబిరం భవనాలు కొన్ని ఉన్నాయి. ఒకప్పుడు సిపాయిలు పడుకున్న గదుల్లో ఇప్పుడు బొమ్మల సినిమాలు తీసేవాళ్లు కూర్చుంటారు. పన్నెండేళ్ల కిందట ఆ గదుల్లోనే 'ఉప్పుగాలి' అనే సీరియల్ పుట్టింది. ఈద్రా అనే పిల్ల కథ అది. తాడుముడుల్లో గాలులు కట్టి ఉంటాయి. ముడి విప్పితే గాలి లేస్తుంది. ఈద్రా మోకాళ్లనిండా గాయాలు. ఒక కాలికే చెప్పు. సముద్రపు కట్ట మీద పరిగెత్తిందంటే టీవీ ముందు పిల్లలు కూడా లేచి పరిగెత్తేవారు. ఒక్క ముడి విప్పడం నేర్చుకోవడానికి ఆ పిల్లకు సీజనంతా పట్టింది, వేళ్లు పగిలిపోయాయి. ఆ ఎపిసోడ్లలో మంచివన్నీ మైకెన్ రాసినవే.

ఇప్పుడు దానికి కొనసాగింపు తీస్తున్నారు. ఈద్రా పెద్దదైంది, తల్లయింది. కథ కొడుకు తూవెది. ప్రధాన రచయిత యెప్పె. మొదటి సీరియల్ రోజుల్లో అతను మైకెన్ పక్కన కూర్చుని పని నేర్చుకున్నాడు. పెద్ద కుర్చీ ఎవరికివ్వాలన్న మాట వచ్చినప్పుడు ప్రొడ్యూసర్ మెరెటె మైకెన్‌ని పిలిచి, "నీకు చిన్నపిల్ల ఉంది కదా, నీమీద భారం పెట్టకూడదనుకున్నాం" అంది. యెప్పెకి ఇద్దరు చిన్నపిల్లలు. మగవాడికి పిల్లలుంటే దాన్ని భారమనరు, అనుభవమంటారు.

మైకెన్‌కి ఇచ్చిన పని మెరుగుపెట్టడం. యెప్పె రాస్తాడు, ఈమె గురువారం సాయంత్రానికి సరిచేసి ఇస్తుంది. అతని రాతలో అందరూ మనసులో ఉన్నదంతా నోటితో చెప్పేస్తారు. "నాకు కోపంగా ఉంది, ఎందుకంటే నువ్వు నన్ను నమ్మలేదు" అంటాడు తూవె. కోపం వచ్చినవాడు కారణం చెప్పడు. తలుపు విసిరికొడతాడు. తల్లి సీజనంతా శ్రమపడి నేర్చుకున్న ముడిని ఈ కొడుకు మొదటి రోజే పాలు తాగినంత సులువుగా విప్పేస్తాడు. కష్టపడనివాడిని చూస్తూ ఏ పిల్ల గోళ్లు కొరుక్కుంటుంది? పాత కథలో అందరూ వణికిపోయిన ముసలి నావికుడు ఇందులో అరటితొక్క మీద జారిపడతాడు. ఈద్రా టేబుల్ వెనక నిలబడి రొట్టె కోస్తుంది, లేకపోతే కిటికీలోంచి చూస్తుంది. ఎపిసోడ్‌కి ఒకసారి "జాగ్రత్త నాన్నా" అంటుంది.

మైకెన్ ఇవన్నీ చూసేది. చూసి, పని చేసేది. కారణాలు చెప్పే వాక్యాలు కొట్టేసి తలుపు చప్పుడు పెట్టేది. "జాగ్రత్త నాన్నా" తీసేసి, "మఫ్లర్ మరిచిపోయావు" అని రాసేది. ఆ ఒక్క మాటలో ప్రేమా భయమూ రెండూ కనిపించేవి. విన్నవాళ్లు "తల్లి పాత్ర ఎంత బాగుందో" అనేవారు. యెప్పె తల ఊపేవాడు. టైటిల్స్‌లో అతని పేరు ఒక్కటే పడేది. మెరుగుపెట్టే పని గిన్నెలు తోమడంలాంటిది. తోమితే ఎవరికీ కనిపించదు. తోమకపోతే అందరికీ కనిపిస్తుంది.

వసంతంలో మొదటి నాలుగు ఎపిసోడ్లు ఊళ్లోని ఒక బడిలో పిల్లలకు చూపించారు. పిల్లలు మర్యాదగా కూర్చున్నారు. మర్యాదగా కూర్చున్నారంటేనే నచ్చలేదని. అయిపోయాక ఏమైనా అడగమన్నారు. పళ్లకు తీగ వేయించుకున్న ఒక పిల్ల చెయ్యెత్తింది.

"ఈద్రా ఎప్పుడు చచ్చిపోయింది?"

యెప్పె నవ్వాడు. "చచ్చిపోలేదు. రొట్టె కోస్తోంది చూడు, తూవె వాళ్లమ్మ. ఆవిడే ఈద్రా."

ఆ పిల్ల అతని వంక జాలిగా చూసింది. "కాదు. నేను పాతవన్నీ చూశాను. ఈద్రా నాకు తెలుసు."

మర్నాడు మెరెటె ఆఖరి ఎపిసోడ్ మైకెన్‌ని రాయమంది. పేరు కూడా ఆమెదే పడుతుందంది. యెప్పె "బాగుంది, నాకూ కాస్త ఊపిరాడుతుంది" అన్నాడు. దొరలా అన్నాడు.

మైకెన్ రాసింది. చాలాకాలం తర్వాత తనది తాను రాసుకుంది. ఎల్నాని ఈతకు తీసుకెళ్లినప్పుడు చెరువు గట్టు మీద కూర్చుని రాసింది. వాషింగ్ మెషీన్ పిలిచినా లేవలేదు. కథ ఇది. తూవె పడవ సముద్రప్పాముకి చిక్కుతుంది. పక్కింటామె ఈద్రాతో, "నువ్వు వెళ్లి ఏం చేస్తావు, కూర్చో" అంటుంది. ఈద్రా "నేను కూర్చున్నది చాలు" అంటుంది. చెప్పుల కోసం వెతుకుతుంది. ఇంట్లో అందరి చెప్పులూ ఉన్నాయి, ఆమెవి ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. ఆమెకే తెలియదు. వట్టికాళ్లతో తలుపు దాటి, ఊరంతా చూస్తుండగా వీధివెంట నడిచి, కట్ట చివరికి వెళ్తుంది. కొడుకు పుట్టిన రోజున తన గాలిని తానే కట్టేసుకున్న ముడి ఒకటి ఆమె దగ్గర ఉంది. దాన్ని విప్పుతుంది. ఆ నడకే ఆ ఎపిసోడ్‌కి ప్రాణం. దాదాపు మాటలు లేవు.

సోమవారం ఇచ్చింది. మంగళవారం ఉదయం యోరున్ ఆమె టేబుల్ దగ్గరికి వచ్చింది. యోరున్‌ది ఫారో దీవులు. పెద్ద ఎముకల మనిషి. కంప్యూటర్‌లో బొమ్మలకు కీళ్లు అమర్చి కదిలేలా చేయడం ఆమె పని. అమర్చని కీలు కదలదు.

"మైకెన్, చదివాను. ఏడ్చాను. ఇప్పుడు ఒక చెడు మాట చెబుతాను, కుర్చీ పట్టుకో."

"చెప్పు."

"ఈద్రాకి కాళ్లు లేవు."

మైకెన్‌కి అర్థం కాలేదు. యోరున్ తన తెర దగ్గరికి తీసుకెళ్లి చూపించింది. తెర మీద ఈద్రా ఉంది. ముఖం, చేతులు, ఆప్రాన్. నడుము దగ్గర తెల్లగా కోసేసినట్టు ఆగిపోయింది. వెనక్కి తిప్పితే ఖాళీ. వీపు కూడా లేదు.

"ఎవరు తీసేశారు?"

"తీసెయ్యడానికి ఉంటే కదా. ఏ బొమ్మ ఏమేం చేస్తుందో స్క్రిప్టులు చూసి, అంతవరకే కడతాం. అక్కర్లేనిది కడితే మెరెటె నా తోలు తీస్తుంది. స్క్రిప్టులన్నిట్లోనూ ఈవిడ టేబుల్ వెనకే ఉంది. కిటికీ దగ్గరే ఉంది. నా దగ్గర పనిచేసే పిల్లలు నడుము దాకా కట్టారు." యోరున్ పెన్సిల్‌తో నెత్తి గోక్కుంది. "నాకిప్పుడు సిగ్గేస్తోంది. పాముకి మూడు తలలు కట్టాను. ఒక్కో తలకి ఒక్కో నాలుక. నాలుకలు విడివిడిగా ఆడతాయి కూడా."

ఎవరూ నిర్ణయించలేదు. ఒక సమావేశం పెట్టి, ఈద్రా కాళ్లు తీసేద్దామని ఎవరూ చేతులెత్తలేదు. ఒక్కో స్క్రిప్టూ ఆమెను టేబుల్ దగ్గరే ఉండమంది. ఎవరూ లేవమనలేదు. అంతే, కాళ్లు పోయాయి. మైకెన్ ఆ తెల్లని అంచు వంక చూసింది. ఆ స్క్రిప్టులన్నీ తన చేతిమీదుగా వెళ్లినవే. టేబుల్ వెనక ఉన్న ఆ మనిషి నోట్లో ఎంత చక్కని మాటలు పెట్టిందంటే, ఆమె అక్కడ ఇరుక్కుపోయిందని వినేవాళ్లకు తట్టలేదు. మఫ్లర్ గురించి అంత ముద్దుగా మాట్లాడే మనిషికి కాళ్లెందుకు?

మధ్యాహ్నం మైకెన్, యెప్పె, మెరెటె కూర్చున్నారు. యెప్పెకి చిరాకు లేదు. అతనికి ఉపాయాలున్నాయి.

"పొడుగు గౌను వేద్దాం. నేల మీద జీరాడేది. జారుకుంటూ పోతుంది, కాళ్లు కనపడక్కర్లేదు."

"ఆవిడ దెయ్యం కాదు యెప్పె."

"మూడో ఎపిసోడ్‌లో చేపలమ్మేవాడు ఉన్నాడు కదా, వాడి కాళ్లు తగిలిద్దాం."

"వాడివి దొడ్డికాళ్లు."

"సరే, నడకే వద్దు. కిటికీ తెరిచి అక్కణ్నుంచే కొడుక్కి ధైర్యం చెబుతుంది. ముడి కూడా వాడే విప్పుతాడు. సీరియల్ వాడిది కదా? ఆవిడ మాటలు నువ్వు అద్భుతంగా రాస్తావు. నీకు ఇలాంటివి వెన్నతో పెట్టిన విద్య."

మెరెటె గడియారం చూసుకుంది. "శుక్రవారం అందరూ కలిసి చదువుకునే దాకా టైముంది మైకెన్. నువ్వు ఏదో ఒకటి సర్దుతావు. నువ్వు ఎప్పుడూ సర్దుతావు."

సర్దుతావు. ఆ మాట ఆమెతోపాటు ఇంటికి వచ్చింది. బడిలో వేసవి పండగకు కేకు ఎవరు తెస్తారంటే మైకెన్ సర్దుతుంది. అస్గర్ తమ్ముడికీ చెల్లెలికీ మాటల్లేకపోతే ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలో మైకెన్ సర్దుతుంది. సర్దడమంటే ఇంకొకరి తప్పుకు తన జాగా ఇవ్వడం. ఇస్తూ పోతే చివరికి నిలబడ్డానికి తనకే చోటుండదు. నిలబడకపోయినా ఫరవాలేదంటారు, టేబుల్ ఉంది కదా, వెనక నుంచి ఎవరు చూస్తారు?

బుధవారం సాయంత్రం ఇంగర్‌లీస పుట్టినరోజుకు టేబుల్ గుడ్డలు పట్టుకెళ్లడానికి వచ్చింది. స్కీవె నుంచి తన చిన్న కారు తానే నడుపుకుంటూ వచ్చింది. లోపలికి వస్తూనే కిటికీల వైపు చూసింది.

"కర్టెన్లు ఉతికావా, లేక ఆ రంగే అంతా?"

"ఆ రంగే."

"నేనూ అదే అనుకున్నాను."

మైకెన్ కాఫీ పోసింది. ఇంగర్‌లీస గుడ్డలు లెక్కపెట్టకుండానే సంచిలో కుక్కి కూర్చుంది. ఒక గుక్క తాగి, "పాట రాశావా?" అంది.

"ఇంకా లేదు."

"రాయకపోతే మంచిదే. రాస్తే ఒక్కటి అడుగుతాను. గ్రేవీ పెట్టకు."

"ఏమిటి?"

"గ్రేవీ. అరవైకి రాసిన పాటలో నేను చేసే గ్రేవీ ఉంది. డెబ్బైకీ గ్రేవీయే. మా పెళ్లై యాభై ఏళ్లయినప్పుడు రెండు చరణాలు గ్రేవీ, ఒకటి ఇస్త్రీ. బాగానే నవ్వించావు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నేను పోయాక సమాధి రాయి మీద కూడా గ్రేవీ అనే చెక్కిస్తారేమోనని భయంగా ఉంది."

మైకెన్ కాఫీ పాత్ర పక్కన పెట్టింది. "మరి ఏం పెట్టమంటావు?"

"నన్ను అడుగుతున్నావా?" అత్తగారు కప్పు కింద పెట్టింది. "ఇరవై ఏళ్లలో ఇదే మొదటిసారి. నేను హ్యాండ్‌బాల్ ఆడేదాన్ని. ఎడమ అంచున. పరుగులో నన్ను పట్టుకున్న పిల్ల ఈ జిల్లాలో లేదు. నా తొడలు చూడ్డానికి ఊళ్లోని పెయింటర్లు నిచ్చెనలు దిగి వచ్చేవాళ్లు. అస్గర్ కడుపున పడ్డాక మానేశాను. మళ్లీ వెళ్దామనే అనుకున్నాను. మా ఆయన 'వెళ్లు, ఎవరు వద్దన్నారు' అన్నాడు. నిజమే, ఎవరూ వద్దనలేదు."

ఆమె లేచి సంచి భుజాన వేసుకుంది. మైకెన్ మోయబోతే చెయ్యి తోసేసింది. కారు దాకా ఆమె నడిచిన తీరు మైకెన్ ఆ రోజే చూసింది. డెబ్బై అయిదేళ్ల మనిషి మడమ నేలకు ఆనించకుండా, వేళ్ల మీద బరువు వేసి నడుస్తోంది. ఇరవై ఏళ్లుగా అలాగే నడుస్తోంది కాబోలు. తను చూసింది గిన్నెలో గరిటె తిప్పే చేతినే. అత్తగారిని తను కూడా నడుము దాకానే రాసింది. ప్రాస కోసం, నవ్వు కోసం, త్వరగా తెమలడం కోసం. యెప్పె చేసింది ఇంతకన్నా ఎక్కువేం కాదు.

అస్గర్ వచ్చి బూట్లు విప్పుతూ, "అమ్మ వచ్చి వెళ్లిందా? పాట చూపించావా?" అన్నాడు.

"పాట నేను రాయడం లేదు. నువ్వు రాస్తున్నావు."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదని చూసి మానేశాడు. "నేనా? నేను ఇంజనీర్ని మైకెన్."

"ఆవిడకి కొడుకువి కూడా."

"ఆఫీసులో ఎవరిమీదైనా కోపమా? నేను వారమంతా సహాయం చేస్తూనే ఉన్నాను కదా. నిన్న గిన్నెలు..."

"అస్గర్, మీ అమ్మ ఎడమ అంచున ఆడేదట. ఏ ఆటో చెప్పు."

అతను గోడ వంక చూశాడు. "టెన్నిసా?"

"ఫోన్ చెయ్యి."

అతను విసుక్కుంటూనే ఫోన్ తీసుకుని మెట్ల మీదికి వెళ్లాడు. తలుపు సందులోంచి మైకెన్‌కి అతని గొంతు వినిపించింది. మొదట పొడిపొడిగా. తర్వాత "ఏ జట్టులో?" అని. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. అతను అలా నోరు మూసుకుని వినడం ఆమె ఎన్నడూ ఎరగదు. ఆ తర్వాత చిన్నపిల్లాడిలా నవ్వాడు. "పెయింటర్లా? అమ్మా!" అన్నాడు.

గురువారం ఉదయం మైకెన్ యెప్పె గదికి వెళ్లి, తన ఎపిసోడ్ మార్చనని చెప్పింది. కిటికీ దగ్గర మాటలు కావాలంటే నువ్వే రాసుకో అంది. యెప్పె ముఖం ఎర్రబడింది. "నీ మొండితనానికి సీజన్ ఆగిపోతే ఎవరిది పూచీ?" అన్నాడు. "సీజన్ మీద పేరు ఎవరిది పడుతోందో వాళ్లది" అని ఆమె బయటికి వచ్చింది. ఉద్యోగం పోవచ్చు. ఆ చిన్న ఊళ్లో ఈ పని ఇచ్చే గడపలు ఎక్కువ లేవు. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి. రాత్రికి తనే మెత్తబడి, యెప్పె రాసిన కాగితాలు తీసుకుని, కాస్త సవరించి ఇచ్చేస్తుందేమోనని. సాయంత్రం అతను రాసింది మెయిల్‌లో వచ్చింది, అలవాటుగా. ఆమె చదివింది. ఏడు చోట్ల చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లింది. కంప్యూటర్ మూసేసి, ఎల్నాతో కలిసి సైకిల్ చక్రానికి గాలి కొట్టింది.

శుక్రవారం ఉదయం స్టూడియోలో అందరూ కలిసి రొట్టెలు తింటారు. బేకరీ నుంచి వేడివేడిగా తెచ్చిన బన్నులు, వెన్న, జున్ను. తింటూ తర్వాతి స్క్రిప్ట్ పైకి చదువుతారు. ఎవరికి ఏ పాత్ర వస్తే అది. మెరెటె కాగితాలు పంచింది. తల్లి పాత్ర యోరున్‌కి వచ్చింది. తూవెని యెప్పె ఎప్పుడూ తానే చదువుతాడు.

యోరున్ దీవుల యాసలో చదివింది. "నా కొడుకా, ఒకప్పుడు నేను గాలులను విప్పేదాన్ని, కానీ ఇప్పుడు నీ సమయం వచ్చింది. నాకు గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది, ఎందుకంటే నేను నిన్ను ప్రేమిస్తున్నాను."

"అమ్మా," అని యెప్పె అందుకున్నాడు, "నీ ప్రేమే నా బలమని నాకు ఇప్పుడు అర్థమైంది."

ఎవరో బన్ను కొరికారు. ఆ చప్పుడు గదంతా వినిపించింది. యోరున్ తర్వాతి మాట చదవబోయి ఆగి, "ఇది చదివేదాకా నాకు ఆకలిగా ఉండింది" అంది. వెనక వరసలో బొమ్మలకు రంగులు వేసే కుర్రపిల్లలు బల్ల కిందికి తలలు దించారు.

మెరెటె కళ్లద్దాలు తీసింది. "మైకెన్, ఇది నువ్వు చూడలేదా?"

"చూశాను."

"ఏమీ చేయలేదా?"

"చేయలేదు. యెప్పె రాసింది ఇది. ఇన్నాళ్లూ మీరు విన్నది యెప్పె రాసింది కాదు."

ఆమె గొంతు పెద్దదేం కాదు. కానీ ఆ మాట మళ్లీ లోపలికి వెళ్లదు. యెప్పె కాగితాలు సర్దుకున్నాడు, విప్పాడు, మళ్లీ సర్దుకున్నాడు. అతని మీద ఆమెకు జాలి కలిగింది. జాలి కలిగినా సాయానికి వెళ్లలేదు. అది ఆమె ఆ రోజు చేసిన కష్టమైన పని.

"మైకెన్ సోమవారం ఇచ్చింది చదవండి" అంది మెరెటె.

చదివారు. "నేను కూర్చున్నది చాలు" అన్న చోట యోరున్ గొంతు తగ్గించింది. చెప్పులు దొరకని చోట లెక్కలు చూసే ముసలామె బన్ను పక్కన పెట్టేసింది. నడక దగ్గర మాటల్లేవు గనక, రాసింది రాసినట్టు మెరెటె తానే చదివింది. 'తలుపు దాటింది. వీధి చల్లగా ఉంది. ఆమె కాళ్లకు ఆ సంగతి గుర్తుంది.' చదివి, కాగితం బల్ల మీద పెట్టింది. ఆమెకూ యాభై దాటాయి.

"కాళ్లు కట్టడానికి డబ్బు లేదు" అంది చివరికి. "అది నిజం. అడుగు గీకినా రాదు."

"పాము తల ఒకటి తీసెయ్యండి" అంది మైకెన్.

"పాము పోస్టర్ మీద ఉంది!" అన్నాడు యెప్పె.

"రెండు తలల పాముకీ పిల్లలు భయపడతారు" అంది మెరెటె. "యోరున్, మూడో తల కదలికలు ఇంకా మొదలుపెట్టలేదు కదా? ఆపితే ఎంత మిగులుతుంది?"

యోరున్ పైకప్పు వంక చూస్తూ పెదాలు కదిపింది. "తల మానేస్తే రెండు కాళ్లు వస్తాయి. నాలుక కూడా మానేస్తే పాదాలకు వేళ్లు విడివిడిగా కదులుతాయి."

గదిలో నవ్వు లేచింది. యెప్పె నవ్వలేదు. అయినా వెళ్లేముందు మైకెన్ దగ్గర ఆగి, "నువ్వు సరిచేస్తున్నప్పుడు, ఏం సరిచేస్తున్నావో నాకెప్పుడూ చెప్పలేదు" అన్నాడు. నిందలాగే అన్నాడు.

"నువ్వెప్పుడూ అడగలేదు. అడుగు. కూర్చుని చెబుతాను. చేసి మాత్రం ఇవ్వను."

అతను కాగితాలు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

సోమవారం ఉదయం యోరున్ ఆమెను భవనాల మధ్య ఉన్న కవాతు మైదానంలోకి పిలిచింది. కెమెరా ఒకటి మూడుకాళ్ల స్టాండు మీద నిలబెట్టి ఉంది. బొమ్మకు నడక కట్టేముందు నిజం మనిషి నడకను తీసి చూసుకోవడం వాళ్ల పద్ధతి.

"నువ్వు నడు" అంది యోరున్.

"నేనెందుకు? నటీనటులెవరైనా..."

"నటీనటులు నటిస్తారు. నాకు నలభై అయిదేళ్ల ఆడమనిషి నడక కావాలి. నడువమ్మా."

మైకెన్ నడిచింది. యోరున్ తెరలో చూసుకుని తల అడ్డంగా ఊపింది. "సంచి కింద పెట్టు. ఎడమ భుజం కిందికి ఉంది." సంచి కింద పెట్టి నడిచింది. "ఇంకా మోస్తూనే ఉన్నావు. చేతులు చూడు, ఏదో పట్టుకున్నట్టే ఉన్నాయి. ఎవరికోసమో ఆగి వెనక్కి చూస్తున్నావు. ఎవరూ రావడం లేదు. నువ్వే వెళ్తున్నావు."

ఏమీ మోయకుండా, ఎవరికోసమూ ఆగకుండా ఎలా నడుస్తారో మైకెన్‌కి చప్పున గుర్తు రాలేదు. చేతులు ఎక్కడ ఉంచాలి? ఎంత వేగంగా వెళ్లాలి? చివరికి చెప్పులు విప్పింది. రాతిపలకలు చల్లగా ఉన్నాయి, రాత్రి వాన తడి ఇంకా ఉంది. మొదటి అడుగు భయంగా పడింది. రెండోది పడింది. నాలుగో అడుగు దగ్గర తుంటి తనంతట తాను తిరిగింది, చేతులు దానివెంట ఊగాయి. మేడ మీది కిటికీల్లోంచి రంగుల పిల్లలు చూస్తున్నారు. చూడనీ అనుకుంది. మైదానం చివర గేటు దాకా నడిచి, అక్కడ చెయ్యి ఆనించి నిలబడింది. ఊపిరి గట్టిగా వస్తోంది. అలసటవల్ల కాదు.

"వచ్చింది!" అని అరిచింది యోరున్ కెమెరా వెనక నుంచి. "ఇదే. ఇదే నాకు కావలసింది. చాలు, చెప్పులు వేసుకో, జలుబు చేస్తుంది."

మైకెన్ చెప్పుల వైపు రాలేదు. గేటు దగ్గర్నుంచే గట్టిగా అంది.

"ఇంకోసారి తియ్యి. ఈసారి వెనక నుంచి తియ్యి. వెళ్తున్న మనిషికి వీపు కూడా కావాలి."